లోహమునకు ఆయుర్దాయము లెక్కించుట

ఇనుప తీగను విరువదలచినవాడు దానిని బలము కొలది లాగడు. ఒకచోట గట్టిగా పట్టుకొని ఇటొకమారు, అటొకమారు వంచును. మొదటి వంపునకు తీగకు ఏమియు కాదు. రెండవదానికిని కాదు. పదియవ వంపునకో పదునైదవ వంపునకో అది పుటుక్కున విరుగును. ఆ చివరి వంపు మొదటిదానికంటె బలమైనది కాదు. ఏ ఒక్క వంపును విడిగా తీగను విరువజాలదు. అన్నియు కలిసి విరిచినవి. దీనినే శాస్త్రజ్ఞులు లోహపు అలసట అందురు. అలసిన ఎద్దును నీడన కట్టి మేత వేసిన తెల్లవారుసరికి తేరుకొనును. లోహమునకు అట్టి విశ్రాంతి లేదు. నిన్న తగిలిన గాయము నేటికిని దానిలో నిలిచియే యుండును.

ఈ ప్రసంగమున మేము శ్రోతల ముందుంచదలచినది ఒక ప్రశ్న. నేడు లోహపు పొడిని లేసరు కిరణముతో కరిగించి, పొరమీద పొరగా పేర్చి, విమానములకును, రాకెట్లకును, మనుష్యుని తుంటికీళ్లకును కావలసిన భాగములను తయారుచేయుచున్నారు. త్రీడీ ప్రింటింగు అని పత్రికలలో మనము చదువుచున్న పద్ధతి ఇదియే. ఇట్లు పుట్టిన భాగములో పగులు ఎక్కడ మొదలగును, ఎంత వేగముగా సాగును, ఎన్నాళ్లకు ప్రమాదకరమగును అను విషయములను ముందుగా చెప్పగలమా? నడచునపుడు ఒక్కొక్క కాలిమీద సంవత్సరమునకు సుమారు 10 లక్షల అడుగులు పడునని వైద్యులు అంచనా వేయుదురు. కృత్రిమమైన కీలు పెట్టించుకొన్న మనిషికి ఈ ప్రశ్న కేవలము శాస్త్రచర్చ కాదు.

లోహపు అలసట మానవునకు తెలియవచ్చినది పెద్ద మూల్యము చెల్లించిన పిమ్మటనే. 1842వ సంవత్సరము మే 8వ తేదీన ఫ్రాన్సు దేశమున వెర్సాయి నుండి పారిసునకు వచ్చుచున్న రైలుబండి ఇంజను ఇరుసు విరిగెను. పెట్టెలు ఒకదానిపై నొకటి ఎక్కి, నిప్పంటుకొని, 50 మందికి పైగా మరణించిరి. ఆ ఇరుసు బరువు మోయజాలని ఇరుసు కాదు. అంతకుముందు అట్టి బరువును ఎన్నియోమార్లు మోసినదే. కాని ఇరుసు తిరుగునపుడు దాని పైఅంచు క్రిందికిని, క్రిందిఅంచు పైకిని వచ్చుచుండును. చుట్టు చుట్టుకును ప్రతి బిందువు ఒకమారు నొక్కబడి ఒకమారు లాగబడును. తీగను వంచినవాని పనినే రైలు చక్రము చేయుచున్నదన్నమాట. జర్మను రైల్వే ఇంజనీరు ఆగస్టు వోలర్ ఇరుసులను యంత్రములపై లక్షలమార్లు త్రిప్పి పరీక్షించి, 1858 మొదలు 1870 వరకు తన ఫలితములను ప్రకటించెను. మోసిన బరువు ఎంత అన్నది మాత్రమే కాదు, అది ఎంత మేర హెచ్చి తగ్గుచున్నది, ఎన్నిమార్లు హెచ్చి తగ్గినది అన్నవి లోహపు ఆయువును నిర్ణయించునని ఆయన నిరూపించెను.

అయినను పరీక్షలు చేసినంత మాత్రమున భద్రత చేకూరదని మరొక శతాబ్దమునకు తెలిసినది. బ్రిటిషువారి కామెట్ జెట్ విమానములు రెండు 1954లో, జనవరి 10న ఎల్బా ద్వీపమువద్ద ఒకటియు, ఏప్రిల్ 8న నేపుల్సు సమీపమున మరొకటియు, ఆకాశముననే విచ్ఛిన్నమైనవి. మొదటిదానిలో 35 మంది, రెండవదానిలో 21 మంది మరణించిరి. ఎగిరిన ప్రతిమారును లోపలి గాలి ఒత్తిడికి విమానపు ఒడలు ఉబ్బును, దిగినపుడు తగ్గును. కోతల మూలలవద్ద పుట్టిన పగుళ్లు ఈ ఉబ్బుటకును తగ్గుటకును పెరిగెను. ఆశ్చర్యమేమనగా, తయారుచేసినవారు అంతకుముందే ఒక విమానపు ముందుభాగమును పరీక్షించియుండిరి. అది సుమారు 16,000 ఒత్తిళ్లకు నిలిచినది. ఆకాశమున కూలిన విమానములో ఒకటి 1,290 ఒత్తిళ్లకు, మరొకటి 900 ఒత్తిళ్లకు మాత్రమే నిలిచినవి. ఇంత భేదమేల? పరీక్షించిన భాగముపై మొదట రెట్టింపు ఒత్తిడి ప్రయోగించి దాని బలమును చూచియుండిరి. ఆ ఒత్తిడికి మూలలవద్ద లోహము కొంచెము సాగి, ఒత్తిడి తీసివేసిన పిదప ఆ చోటులు లోపలికి నొక్కుకొని బిగిసినవి. ఆ బిగువు పగుళ్లను మూసి ఉంచినది. ప్రయాణికులు ఎక్కిన విమానములకు ఆ రక్షణ లేదు. పరీక్షకు నిలిచిన ముక్క వేరు, ఎగిరిన విమానము వేరు. ఈ మాటను శ్రోతలు గుర్తుంచుకొనవలెనని మా కోరిక. పొడితో పేర్చిన లోహము విషయమున దీనితో మరల పని పడును.

రెండవ గుణపాఠము అమెరికాలో లభించినది. 1969 డిసెంబరు 22న ఎఫ్-111 యుద్ధవిమానము ఒకటి, సుమారు 100 గంటలు మాత్రమే ఎగిరినది, రెక్క విరిగి కూలిపోయెను. అందున్న ఇద్దరును మరణించిరి. రెక్క తిరుగు కీలువద్ద ఉక్కును సాగగొట్టునపుడే ఏర్పడిన లోపమొకటి తనిఖీలన్నిటిని తప్పించుకొన్నది. ఆ విమానము ముసలిదై విరుగలేదు; పగులుతోనే పుట్టినది. ఆ తరువాత అమెరికా వైమానికదళము తన పద్ధతినే మార్చుకొనెను. భాగము నిర్దోషమని నమ్మి లెక్క మొదలుపెట్టుటకు బదులు, తనిఖీ కంటికి తప్పిపోగల పగులొకటి మొదటిరోజుననే అందులో ఉన్నదని భావించి లెక్క మొదలుపెట్టవలెనని 1974లో నియమము చేసెను. చిన్న పామునైనను పెద్ద కఱ్ఱతో కొట్టుమన్న మన సామెత ఇచ్చట ఇంజనీరింగు శాసనమైనది.

ఆ లెక్కకు ఆధారమైన సూత్రమును గురించి కొంచెము చెప్పవలెను. వెడల్పైన కాలువలో నీరు నిదానముగా పారును. నడుమ బండరాయి అడ్డుపడిన, నీరు దాని అంచులవద్ద ఒత్తుకొని వడిగా పోవును. లోహములో బలము ప్రవహించు విధమును ఇట్టిదే. పగులు అడ్డమైనచోట బలమంతయు పగులు కొనవద్దకు చేరి గుమిగూడును. ఈ గుమిగూడుటను కొలుచుటకు అమెరికా శాస్త్రజ్ఞుడు జార్జి ఇర్విన్ 1957లో ప్రతిబల తీవ్రత అను కొలతను ఏర్పరచెను. ఒక్కొక్కమారు బరువు పడి తొలగినపుడు పగులు ఎంత ముందుకు సాగునన్నది ఈ తీవ్రతనుబట్టియే యుండునని పాల్ పారిస్ అను ఇంజనీరు, తన సహచరులతో కలిసి, 1961లో ప్రతిపాదించెను. పేరెన్నికగన్న పత్రికలు ఆ వ్యాసమును తిరస్కరింపగా, వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు చిన్న పత్రికలో అది వెలువడినది. నేడు ప్రపంచమంతట విమానముల ఆయువును లెక్కించువారికి అదియే మొదటి పాఠము.

సూత్రపు స్వభావము ఇది. తీవ్రత రెండింతలైన, పగులు వేగము రెండింతలు కాదు. అనేక లోహములకు దాదాపు ఎనిమిదింతలగును. పగులు పొడవు నాలుగింతలైన తీవ్రత రెండింతలగును. కావున పగులు పెరిగినకొలది ఇంకను వేగముగా పెరుగును. ఒక ఉదాహరణము తీసికొందము. మిల్లీమీటరులో పదియవ వంతు, అనగా సుమారు ఒక వెండ్రుక మందము గల పగులు, 10 మిల్లీమీటర్లకు పెరిగినపుడు భాగము విరుగుననుకొందము. ఈ సూత్రము ప్రకారము లెక్కించిన, మొత్తము ఆయువులో ముప్పాతిక భాగము ఆ పగులు 1 మిల్లీమీటరు అగుటకే పట్టును. మిగిలిన 9 మిల్లీమీటర్లు చివరి పాతికభాగములో పూర్తియగును. కంటికి ఏమియు కనబడని కాలమే దీర్ఘమైనది. కనబడిన పిదప మిగులు కాలము స్వల్పము. మొదటి పగులు పదియవ వంతునకు బదులు పదింట నాలుగు వంతుల మిల్లీమీటరు ఉన్నచో, ఆయువు సగముకంటె తక్కువకు పడిపోవును. పుట్టుకతో వచ్చిన లోపపు పరిమాణము ఎంత ముఖ్యమో దీనివలన తెలియును.

ఇక కొత్త పద్ధతికి వత్తము. దీని లాభములు సామాన్యమైనవి కావు. మన శ్రీహరికోట నుండి ఎగురు పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు నాలుగవ అంచెకు చెందిన ఇంజనును ఈ పద్ధతిని తయారుచేసి, ఇస్రో సంస్థ 2024 మే 9న తమిళనాడులోని మహేంద్రగిరివద్ద 665 సెకండ్లు మండించి విజయవంతముగా పరీక్షించెను. పూర్వము 14 భాగములుగా నుండినది ఒక్క ముక్కయైనది. 19 వెల్డింగు అతుకులు అక్కరలేకపోయెను. 565 కిలోల లోహము కావలసినచోట 13.7 కిలోల పొడి సరిపోయెను. తయారీకి పట్టు కాలము 60 శాతము తగ్గెను. ఇది మనకందరకు గర్వకారణము.

19 అతుకులు పోయినవన్నమాట నిజమే. కాని మరొక విధముగా చూచిన, పొడిని కరిగించి పేర్చిన భాగము మొదటినుండి చివరివరకు అతుకే. పొర మందము 30 మైక్రానులు, అనగా మిల్లీమీటరులో వెయ్యింట ముప్పది వంతులనుకొందము. కిరణపు గీతకును గీతకును నడుమ మిల్లీమీటరులో పదియవ వంతు ఎడముండుననుకొందము. 100 ఘన సెంటీమీటర్ల లోహమును, అనగా అరచేతిలో ఇముడు ముక్కను, పేర్చుటకు ఆ కిరణము సుమారు 33 కిలోమీటర్లు నడువవలెను. విజయవాడనుండి గుంటూరునకు దాదాపు అంత దూరము. ఆ దారి పొడవునను ప్రతి అడుగున లోహము సరిగా కరుగవలెను, సరిగా గడ్డకట్టవలెను.

సరిగా జరుగనిచోట మూడు విధములైన లోపములు ఏర్పడును. కిరణపు శక్తి చాలనిచోట పొరకును పొరకును నడుమ కరుగని సందు మిగులును. ఇది పలుచగా, అంచులు వాడిగా, పొరల వెంబడి పరచుకొని యుండును. శక్తి మితిమీరినచోట లోహము ఆవిరియై లోతైన గుంట ఏర్పడి, అది కూలి మూసుకొనునపుడు అడుగున బుడగ మిగులును. పొడిలోనే చిక్కుకొన్న వాయువువలన గుండ్రని చిన్న బుడగలు ఏర్పడుట మూడవ విధము. వీటిలో మొదటిది మిక్కిలి అపాయకరము. భాగమును పొరలకు అడ్డముగా లాగినపుడు అది తలుపువలె తెరచుకొనును; పొరల వెంబడి లాగినపుడు అంతగా తెరచుకొనదు. కనుక ఒకే యంత్రముపై, ఒకే పొడితో, ఒకే ఆకారమున చేసిన రెండు భాగములలో ఒకటి నిలువుగా, మరొకటి పడుకొనపెట్టి పేర్చినచో, వాటి ఆయువులు సమానముగా నుండనక్కరలేదు.

ఇట్టి భాగమునకు ఆయువు లెక్కించువాడు మొదట అడుగవలసిన ప్రశ్న, లోపములు ఎన్ని అని కాదు. చెరువుకట్ట తన సగటు ఎత్తునుబట్టి నిలువదు; మిక్కిలి పల్లమైన చోటునుబట్టి నిలుచును. అట్లే వేలకొలది సన్నని బుడగలు హాని చేయకపోవచ్చును. పెద్దదొక్కటి, అందులోను ఉపరితలమును ఆనుకొన్నది, భాగపు ఆయువును నిర్ణయించును. జపానుకు చెందిన యుకితాకా మురాకమి 1980ల నుండి చేసిన కృషివలన, లోపపు వైశాల్యమునుబట్టి దాని అపాయమును కట్టు పద్ధతి లభించినది. అందు ప్రకారము, ఒకే పరిమాణము గల లోపము లోపల ఉన్నప్పటికంటె ఉపరితలముమీద ఉన్నపుడు ప్రతిబల తీవ్రత 30 శాతము హెచ్చుగా నుండును. పైన చెప్పిన సూత్రము ననుసరించి పగులు వేగము రెండింతలు దాటును.

లోపములను చూచుటకు ఆసుపత్రులలో వాడు సి.టి. స్కానువంటి ఎక్స్-కిరణముల యంత్రమునే వాడుదురు. కాని భాగము మందమైనకొలది కిరణము లోనికి చొరజాలదు, చిత్రము మసకబారును. చిన్న పరీక్షాఖండములో స్పష్టముగా కనబడిన లోపము పెద్ద భాగములో కనబడకపోవచ్చును. అంతేకాదు, వల ఎంత పెద్దదైన అంత పెద్ద చేప చిక్కు అవకాశమున్నట్లు, భాగము పెద్దదైనకొలది అందలి మిక్కిలి పెద్ద లోపమును పెద్దదగుటకే అవకాశము హెచ్చు. చిన్న ఖండము పరీక్షకు నిలిచినది గనుక పెద్ద భాగము నిలుచునని చెప్పిన, కామెట్ విమానపు పాఠమును మరచినట్లే. అందుచేతనే అమెరికా అంతరిక్షసంస్థ నాసా 2021లో ప్రకటించిన ప్రమాణములో, భాగము విరిగిన కలుగు నష్టమునుబట్టి భాగములను తరగతులుగా విభజించి, భాగముతోపాటు సాక్షిఖండములను పేర్చి పరీక్షింపవలెనని విధించినది.

పగులుకంటె ముందే లోహములో మిగిలియున్న బిగువు రెండవ చిక్కు. కరిగిన సన్నని గీత క్షణములో గడ్డకట్టి ముడుచుకొనబోవును. దాని క్రిందనున్న చల్లని లోహము ముడుచుకొననీయదు. ఈ పెనుగులాట పొరపొరకును జరిగి, బయటినుండి బరువేమియు పడకమునుపే భాగము కొన్నిచోట్ల లాగబడియుండును. జర్మనీలోని పాడర్‌బార్న్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2013లో టైటానియము మిశ్రమలోహముపై ప్రకటించిన ఫలితములలో, పగులు పుట్టుకపై బుడగల ప్రభావము ముఖ్యమనియు, పుట్టిన పగులు సాగుటపై ఈ మిగిలిన బిగువు ప్రభావము ముఖ్యమనియు తేలినది. వ్యాధులు రెండు, కావున మందులును రెండు.

బిగువు తగ్గించుటకు భాగమును తగిన వేడిలో ఉంచి నెమ్మదిగా చల్లార్చుదురు. బుడగలను మూయుటకు, టైటానియమునైనచో సుమారు 920 డిగ్రీల వేడిలో, వాయుమండలపు ఒత్తిడికి వెయ్యింతల ఒత్తిడితో, రెండు గంటలు నలుదిక్కులనుండి నొక్కుదురు. దీనివలన మేలు మిక్కిలి కలుగును. కాని ఉపరితలమునకు తెరచుకొన్న రంధ్రము దీనితో మూసుకొనదు. నొక్కు వాయువు దానిలోనికే చొచ్చును. ఉపరితలమును నునుపుచేసిన ఆ లోపము తొలగును. అయితే వంకరటింకర సొరంగములు గల భాగమునకు లోపలి గోడలను నునుపుచేయు పనిముట్టు చొరదు. అట్టి సొరంగములను ఒక్క ముక్కలో చేయగలుగుటయే ఈ పద్ధతి గొప్పతనమని మనము పొగడుచుంటిమి. ఆ గొప్పతనమే తనిఖీకి అడ్డమగుచున్నది. పూర్వము 14 ముక్కలలో ఒకటి పగిలిన, ఆ పగులు ఆ ముక్క అంచువద్ద ఆగుటకు అవకాశముండెను. ఆ ఒక్కటి మార్చుకొనవచ్చును. ఒకే ముక్కలో పగులునకు సరిహద్దు లేదు.

మూడవ చిక్కు సూత్రములోనే యున్నది. పారిస్ సూత్రము పొడవైన పగుళ్లకు చక్కగా వర్తించును. మైక్రానులలో కొలువవలసిన పసిపగుళ్లు, లోహపు స్ఫటికములంత పరిమాణము గలవి, సూత్రము చెప్పినదానికంటె వేగముగా సాగవచ్చును. సాగవని సూత్రము చెప్పినచోటను సాగవచ్చును. ఆయువులో ముప్పాతిక భాగము పగులు చిన్నదిగా నున్నపుడే గడచునని ఇంతకుముందు లెక్కించితిమి. లెక్కకు అందని దశయే మిక్కిలి దీర్ఘమైన దశ. ఇదియే నేటి పరిశోధకుల అసలు సమస్య. వేల పరీక్షల ఫలితములను కంప్యూటరునకు నేర్పి, దానిచేత ఆయువు చెప్పించు ప్రయత్నములును జరుగుచున్నవి. అవి ఉపయోగకరములే. కాని తాను చూచిన లోపములవంటి వానిని గూర్చియే అది బాగుగా చెప్పగలదు. మరొక యంత్రముపై, మరొక పొడితో పుట్టిన భాగమునకు దాని మాటను పరీక్షలేక నమ్మరాదు.

మరి మొదటి ప్రశ్నకు సమాధానమేమి? ఈ భాగము ఫలానా తేదీన విరుగునని ఎవరును చెప్పలేరు. చెప్పవలసిన అవసరమును లేదు. చెప్పవలసినది వేరొకటి: ఎంత లోపమును మన తనిఖీ నిశ్చయముగా పట్టగలదు, అంతకంటె కొంచెము చిన్నది తప్పించుకొన్నదనుకొన్న, అది ప్రమాదకరమగుటకు ఎంత కాలము పట్టును, ఆ కాలములో ఎప్పుడెప్పుడు మరల చూడవలెను. పట్టగల పరిమాణమునుండి విరుగు పరిమాణమువరకు పట్టు కాలములో సగమునకు తనిఖీ ఏర్పాటు చేయుట విమానశాఖలలో వాడుక. ఒకమారు తప్పిపోయినను రెండవమారు పట్టుటకు వ్యవధి యుండవలెనన్నది దాని ఉద్దేశము. చూచుటకు వీలుకాని భాగమైన, దాని ఆయువును బాగుగా తగ్గించి లెక్కగట్టి, ఆ కాలము కాగానే తీసివేయవలెను. లేదా చూచుటకు వీలగునట్లు దాని ఆకారమునే మార్చవలెను. తనిఖీ చేయువాడు ఎక్కడ చూడగలడన్న ప్రశ్నను, భాగమును పేర్చిన పిదప కాక, దాని బొమ్మ గీయునపుడే అడుగుట మేలు.

ఈ కొత్త భాగములను చూచి భయపడవలసిన పని లేదు. పోతపోసిన లోహములోను, సాగగొట్టిన లోహములోను లోపములు లేకపోలేదు. వాటి తీరుతెన్నులు నూరేండ్లకు పైబడిన అనుభవముతో మనకు తెలిసినవి. పొడితో పేర్చిన లోహమునకు ఆ అనుభవము ఇప్పుడిప్పుడే కూడుచున్నది. హైదరాబాదు పరిశోధనశాలలలోను, దేశమునందలి ఇతర సంస్థలలోను ఈ విద్య నభ్యసించుచున్న యువతీయువకులు అనేకులున్నారు. బలమైన భాగమును, తేలికైన భాగమును, త్వరగా తయారగు భాగమును చేయుట వారి పనిలో సగము. అందులో ఏ లోపము మిగిలినదో, అది ఎంతవరకు పెరుగునో దాపరికము లేకుండ వ్రాసి, ఆ కాగితమును భాగముతోపాటు పంపుట రెండవ సగము. విమానము ఎక్కువాడును, కొత్త కీలుతో మెట్లు దిగు పెద్దమనిషియు ఆ కాగితమును ఎన్నడును చదువరు. వారి ప్రాణములు మాత్రము దానిమీదనే ఆధారపడియున్నవి.